గోడమీది పరిహాసము

ధనుర్మాసమున మన పుత్తూరు ప్రాంతపు అంగళ్లలో చిల్లులుగల ముగ్గుపలకలు కనబడును. పలకను నేలపై బెట్టి పిండి చల్లి యెత్తినంతనే పద్మము సిద్ధమగును. ఇట్టి యుపాయముతోనే ఇంగ్లండున బ్యాంక్సీ యను మాఱుపేరుగల చిత్రకారుడు పాతికేండ్లుగా అధికారవర్గములను నవ్వులపాలు చేయుచున్నాడు. అట్టలో బొమ్మను ముందుగా కత్తిరించుకొని పోయి, గోడకానించి రంగు చిమ్మి, కావలివాడు వచ్చులోగా మాయమగును. దీనినే స్టెన్సిలు చిత్రమందురు.

2025 సెప్టెంబరు 8వ తేదీన లండనులోని రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ గోడపై నాతని బొమ్మ యొకటి వెలసెను. విగ్గు ధరించిన న్యాయాధిపతి, నేలగూలిన నిరసనకారుని సుత్తితో మోదుచున్నాడు. పడినవాని చేతి పలకమీద అక్షరములు లేవు, నెత్తుటి మఱకలున్నవి. అంతకు రెండు దినములకు ముందే ఆ నగరమున, పాలస్తీనా యాక్షన్ సంస్థపై విధించిన నిషేధమును నిరసించిన సభలో దాదాపు 900 మందిని నిర్బంధించిరి. అధికారులు బొమ్మను వెంటనే కప్పివేసి కాపలా పెట్టిరి. రెండు దినములలో గీకించిరి. పురాతన కట్టడముయొక్క రూపును కాపాడవలసియున్నదని వారు చెప్పిన కారణము అబద్ధము కాదు. కాని గీకినచోట నల్లని నీడ మిగిలి, అసలు బొమ్మకంటె నెక్కువగా మాటలాడెను. రాజద్రోహపు సెక్షను క్రింద సంపాదకులు చెఱసాలకు పోయిన కాలము నెఱిగిన మన దేశమున కిట్టి తొందర క్రొత్త గాదు.

ఇందొక చమత్కారము గలదు. ఇంగ్లండు న్యాయమూర్తులు సుత్తి వాడరు, వాడువారు వేలంపాటగాండ్రు. ఆ సుత్తి రుచియు బ్యాంక్సీ యెఱుగును. 2018 అక్టోబరు 5వ తేదీన లండను సోథెబీ సంస్థలో నాతని బెలూను బాలిక చిత్రమునకు 10 లక్షల పౌండ్లకు పైగా పలికి సుత్తి పడినంతనే, చట్రములో దాచిన యంత్రము ఆ చిత్రమును సగమువఱకు ముక్కలుగా కోసివేసెను. ధనికులకు బుద్ధి వచ్చెనా? 2021లో ఆ చింపిరి చిత్రమునకే 1 కోటి 85 లక్షల పౌండ్లు పోసిరి! సున్నముకంటె ధనమే తిరుగుబాటును నేర్పుగా తుడిచివేయునని మాకు తోచుచున్నది.

మన సంగతి యేమి? గోడల నపరిశుభ్రము చేయరాదని 1997లో నాంధ్రప్రదేశమున చట్టమే వచ్చెను. అయినను ఎన్నికలు వచ్చినచో గుర్తులు, నాయకుల జన్మదినములకు ఫ్లెక్సీలు! పరుల గోడను అడుగక పాడుచేయు హక్కు చిత్రకారునకును లేదని మేమంగీకరింతుము. కాని బలవంతుని రంగునకు కండ్లు మూసికొని, బీదవాని పరిహాసమునకు మాత్రమే తెఱచు చట్టమును గౌరవించుట కష్టము. హైదరాబాదు మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ వేయించిన కుడ్యచిత్రములు కన్నులపండువులే. అవి వీధికి వన్నె తెచ్చెను, ఎవ్వరికిని చుఱుక్కుమనలేదు.

అనుమతి యున్నచో పరిహాసము చచ్చునందురా? తోలుబొమ్మలాటలో కేతిగాడు ఊరిపెద్దలు వేయించిన తెరమీదనే యాడెను, వారినే వెక్కిరించెను. పెద్దలు తెరకు అనుమతినిచ్చిరి గాని మాటలను ముందుగా వినిపింపుమనలేదు. పుత్తూరు పురపాలక సంఘమువారును బస్సునిలయముకడ నొక గోడను విడిచి, బొమ్మను ముందు చూపుమనక యుండిన చాలును. మొదటి బొమ్మ వారిమీదనే పడుననుటలో మాకు సందేహము లేదు.