గాయం లేకపోతే నేరం లేనట్టేనా?

వాకపల్లి మాట ఎత్తితే చాలు, "కోర్టు కొట్టేసింది గదా, ఆ ఆడోళ్లు అబద్ధమాడినట్టే" అనేవాళ్లు మన డుంబ్రిగుడ సంతలోనూ ఉన్నారు. వాళ్లను మేం సూటిగా అడుగుతున్నాం: ఆ తీర్పులో ఏముందో తెలుసా?

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. 13 మంది పోలీసులపై విచారణ మొదలయ్యేసరికే పదేళ్లు దాటిపోయింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు అందర్నీ వదిలేసింది. అదే కోర్టు దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. అబద్ధమాడినవాళ్లకు ఏ కోర్టయినా పరిహారం ఇమ్మంటుందా?

ఈ నేరంలో మూడు సంగతులు తేలాలి. ఏం జరిగింది? ఆమెకు ఇష్టం ఉందా, లేదా? చేసినవాడెవడు? జరిగింది ఆమె చెబుతుంది. ముక్కూ మొహం తెలియని యూనిఫాం మనుషుల్ని వరుసలో నిలబెట్టి గుర్తుపట్టించాల్సింది, సాక్ష్యం పోగుచేయాల్సింది దర్యాప్తు అధికారే.

"పెనుగులాడలేదేం? గాయాలేవి?" అంటారు. 1972లో మహారాష్ట్రలో ఓ ఆదివాసీ పిల్లను పోలీస్ స్టేషన్లోనే చెరిచిన కేసులో, గాయాల్లేవని 1978లో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది. దేశమంతా స్త్రీలు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. అధికారం చేతిలో ఉన్న పోలీసు మీద కేసులో కలయిక రుజువై, ఆమె "నాకిష్టం లేదు" అంటే, కోర్టు ఆ మాటే నిజమనుకుని మొదలుపెట్టాలి. పెనుగులాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013లో చట్టంలోనే రాశారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లోనూ అదే ఉంది. చంపుతానని బెదిరించి ఒప్పించినా అత్యాచారమే. 18 ఏళ్లు నిండని పిల్ల ఒప్పుకున్నా అత్యాచారమే.

అక్కలారా, అన్నలారా! పెద్దలు తప్పు కట్టించి సర్దేస్తామంటే వినకండి. ఇది రాజీపడే నేరం కాదు. బట్టలు ఉతక్కండి, దాచండి. ఏ స్టేషనయినా "మా పరిధి కాదు" అనకుండా ఎఫ్ఐఆర్ రాయాలి. రాయని అధికారికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు. రాసింది చదివి వినిపించాలి. తెలుగు రాకపోతే మన భాషలో చెప్పమని పట్టుబట్టండి. ఆమె ఒప్పుకుంటే 24 గంటల్లో వైద్యపరీక్షకు పంపాలి. ఏ ఆస్పత్రయినా డబ్బు అడక్కుండా వైద్యం చెయ్యాలి. చేసినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా పెట్టించండి.

వాకపల్లి కేసును చెడగొట్టింది దర్యాప్తు. ఆ పాపం తీసుకొచ్చి ఆడోళ్ల నెత్తిన రుద్దితే ఊరుకోం.