ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు

ఆదివారం పొద్దున్న తీరిగ్గా కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ ప్రోగ్రాం తెరుస్తారు. ఉత్తరాల జాబితా కనిపిస్తుంది. ఒకదాని మీద నొక్కగానే తెర మొత్తం పాలిపోయి పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. నీలం చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇంకోసారి నొక్కుతారు. కాఫీ కలుపుకుని వచ్చినా అదే చక్రం. చివరికి విసుగొచ్చి పవర్ బటన్ గట్టిగా నొక్కి ఆపేస్తారు.

మీ ఇంట్లో ఇలా జరగలేదంటే సంతోషమే. మా ఇంట్లో మూడు నెలలు జరిగింది. ఆ మూడు నెలల్లో నేను తెలుసుకున్నదీ, నాకు ఏర్పడిన ఒక అభిప్రాయమూ మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను. అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇంటి మెయిల్ కంప్యూటర్ బాగోగులు మనం, అంటే ఇంట్లో ఆడవాళ్లం, తెలుసుకుని తీరాలి. మగవాళ్లకు చేతకాదని నేననడం లేదు. ఆ పెట్టెలో ఏముందో మనకే ఎక్కువ తెలుసు గనక అంటున్నాను.

"ఫోన్లో మెయిల్ ఉండగా డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఈ రోజుల్లో ఎవరు వాడతారు ఆంటీ?" అని గ్రూపులో చిన్నవాళ్లు అడుగుతారని తెలుసు. 2000 ప్రాంతంలో ఈ దేశం వచ్చినవాళ్లం చాలామందిమి వాడతాం అమ్మాయ్. అప్పట్లో ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఇచ్చే మెయిల్ పెట్టెలో చోటు బొత్తిగా ఉండేది కాదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి ఒక జీబీ చోటు ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ జోకనుకున్నారు. అంత కరువు. అందుకని 'పాప్' అనే పద్ధతిలో ఉత్తరాలన్నీ ఇంటి కంప్యూటర్లోకి దించుకునేవాళ్లం. మా ఇంట్లో పెట్టుకున్న సెట్టింగు ప్రకారం ఇటు దిగగానే అటు సర్వర్లో చెరిగిపోయేవి. అంటే ఆ ఉత్తరాలకు ప్రపంచంలో ఇంకెక్కడా ఇంకో ప్రతి లేదన్నమాట. ఇది నాకు పాతికేళ్ల తర్వాత గానీ బుర్రకెక్కలేదు.

మా పెట్టెలో ఏమున్నాయో చెప్తాను. 2001లో మా అమ్మ గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి, అక్కడి కుర్రాడి పక్కన కూర్చుని చెప్పి రాయించిన ఉత్తరాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అలా రాయడానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది, అది మా హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ పేరు మీద పుట్టిందే. ఆ నెట్ సెంటర్ కుర్రాడికి మాత్రం ఏ పద్ధతీ లేదు, నోటికొచ్చినట్టు కొట్టేవాడు. అమ్మ 'మామిడికాయలు బాగా వచ్చాయి' అంటే అవి మామిడి కాలయ్యాయో, మామ కాయలయ్యాయో పైకి చదివి పోల్చుకోవాల్సి వచ్చేది. అమ్మ పోయి పన్నెండేళ్లు దాటింది.

ఆ ఉత్తరాల పక్కనే లాయరు పంపిన ఐ-797 కాపీలు, ట్యాక్సు కాగితాలు, పిల్లల టీకాల రికార్డులు, ఇండియా ప్రయాణాల టికెట్లు. పోయిన ఏడాది నేను సిటిజన్‌షిప్ దరఖాస్తుకి కూర్చున్నాను. గ్రీన్ కార్డు వచ్చి పదేళ్లైనా బద్ధకించాను లెండి. ఎన్-400 నింపినవాళ్లకు తెలుసు, గడిచిన అయిదేళ్లలో దేశం దాటి వెళ్లిన ప్రతి ప్రయాణం తేదీలతో సహా రాయాలి. పాస్‌పోర్టు ముద్రలు కొన్ని అలుక్కుపోయాయి, కొన్ని అసలు లేవు. టికెట్లన్నీ మెయిల్లో ఉన్నాయి. మెయిల్ తెరుచుకోదు. ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం మీద గుర్తున్నట్టు రాసేయడానికి మనసొప్పలేదు.

మావారు పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూడండి, అలా అయింది. "ఆ డబ్బా పాతదైపోయింది, కొత్తది కొనేద్దాం" అన్నారు. కాలేజీలో ఉన్న మా అబ్బాయి ఫోన్లోనే "అమ్మా, మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్" అన్నాడు. మా ఆడపడుచు "పాతవన్నీ డిలీట్ కొట్టెయ్ వదినా, ఎవరు చదువుతారు" అంది. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. 'అందులో ఏముంది?' అని ఒక్కరూ అడగలేదు. నా అభిప్రాయానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఇంకాస్త పాతది. మనలో చాలామందిమి హెచ్-4 మీద వచ్చినవాళ్లం. 2015 మే 26న కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చేదాకా ఉద్యోగం చేసే వీల్లేదు. ఆ ఏళ్లన్నీ ఇంట్లో ప్రతి కాగితం ఫోల్డర్లో పెట్టింది ఎవరు? స్కూలు వాళ్లు టీకా కాగితం అడిగితే రెండు నిమిషాల్లో తీసిచ్చింది ఎవరు? కాగితాల బీరువా తాళం మన దగ్గరుండి, మెయిల్ పెట్టె దగ్గరికి వచ్చేసరికి 'ఆయన్నడగాలి' అనడం నాకు మింగుడు పడలేదు.

సరే, విషయంలోకి వద్దాం. ఎక్కువ ఇళ్లలో ఉండేది ఔట్‌లుక్ కాబట్టి దాని మాటల్లో చెప్తాను. ఇప్పుడు 'క్లాసిక్' అని పిలుస్తున్న పాత ఔట్‌లుక్ సంగతి ఇది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఉత్తరాలు ఏ ఫైల్లో ఉన్నాయన్నది. ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, 'డేటా ఫైల్స్' అన్న ట్యాబ్ నొక్కండి. అక్కడ ఫైలు పేరు చివర పీఎస్‌టీ అని గానీ ఓఎస్‌టీ అని గానీ ఉంటుంది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం భయం పోతుంది. ఓఎస్‌టీ అంటే సర్వర్లో ఉన్నదానికి జిరాక్స్ కాపీ లాంటిది. అది పాడైనా సర్వర్ నుంచి మళ్లీ దిగుతుంది. పాప్ పద్ధతిలో దించుకున్న పీఎస్‌టీ మాత్రం ఒరిజినల్. పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్ ఎలా చూసుకుంటామో దాన్నలా చూసుకోవాలి. మాది పీఎస్‌టీ. మొత్తం తీసేసి పాత కంప్యూటర్ పారేసి ఉంటే అమ్మ ఉత్తరాలు అక్కడితో సరి.

కాబట్టి ఏ రిపేరుకైనా ముందు కాపీ. ప్రోగ్రాం పూర్తిగా మూసేసి, అదే ట్యాబ్‌లో ముందుగా చూసిపెట్టుకున్న చోటుకి వెళ్లి, ఆ ఫైలుని బయటి హార్డ్ డ్రైవులోకి కాపీ చేయండి. పెద్ద ఫైలైతే చాలాసేపు పడుతుంది. పప్పు ఉడికేదాకా ఆగమా, ఇదీ అంతే. ఈ పని అవకుండా "నేను చూస్తా ఉండు" అని ఎవరొచ్చినా చెయ్యి వేయనివ్వకండి, కన్నకొడుకైనా సరే.

కాపీ అయ్యాక అసలు జబ్బేమిటో చూడాలి. విండోస్ మీటా, ఆర్ మీటా కలిపి నొక్కితే చిన్న గడి వస్తుంది. అందులో ఔట్‌లుక్ డాట్ ఈఎక్స్ఈ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, వాలుగీతా దాని వెంట సేఫ్ అన్న మాటా ఇంగ్లీషులో కొట్టండి. అంత టైపు ఎందుకంటే, కంట్రోల్ మీట నొక్కిపట్టి ఔట్‌లుక్ బొమ్మ మీద నొక్కినా అదే అడుగుతుంది. సేఫ్ మోడ్ అంటే అదనపు హంగులేవీ లేకుండా తెరవడం. అలా తెరిచినప్పుడు హాయిగా నడుస్తోందంటే, తప్పు ఎక్కువగా యాడ్-ఇన్‌లదే. మీటింగులకని, యాంటీవైరస్‌కని, పీడీఎఫ్‌కని మనకు తెలియకుండానే వచ్చి తగులుకునే చిన్న చిన్న ప్రోగ్రాములవి. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, అడుగున 'గో' నొక్కి, అన్నిటికీ టిక్కులు తీసేసి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే మొరాయిస్తుందో అదే దొంగ. కూరలో ఏది ఎక్కువైందో కనిపెట్టడం కంటే సులువు.

సేఫ్ మోడ్‌లోనూ బిగుసుకుపోతే ఫైలు సైజు చూడండి. ఔట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీకి పరిమితి 50 జీబీ. అంత దాకా నింపొచ్చు కదా అనుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పేదేమంటే, 5 జీబీ దాకా ఇబ్బంది ఉండదు, 10 దాటితే ఎక్కువ కంప్యూటర్ల మీద మధ్యమధ్యలో కాసేపు ఆగడం మొదలవుతుంది, 25 దాటితే అలా ఆగడం ఇంకా తరచవుతుంది. మాది 31 జీబీ ఉంది! సైజు ప్రకారం వరస పెట్టి చూస్తే పైన కనిపించినవేమిటో తెలుసా? 2006, 2007లో బంధువులు ఫార్వర్డ్ చేసిన గుళ్ల ఫోటోల స్లైడ్ షోలు, నవ్వుకోమని పంపిన వీడియోలు. ఆడపడుచు చెప్పిన డిలీట్ సలహా అక్కడ మాత్రం పాటించాను.

డిలీట్ చేసినంత మాత్రాన ఫైలు చిక్కదండీ. ఖాళీ చేసిన డబ్బాలు అటక మీదే ఉన్నట్టు ఆ చోటు అలాగే ఉండిపోతుంది. డేటా ఫైల్స్ ట్యాబ్‌లో సెట్టింగ్స్ తెరిచి 'కంపాక్ట్ నౌ' నొక్కాలి. థండర్‌బర్డ్ వాడేవాళ్లకూ ఇదే సూత్రం, అక్కడ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కితే 'కంపాక్ట్' కనిపిస్తుంది. తర్వాత నేను 2010కి ముందు ఉత్తరాలన్నీ ఇంకో పీఎస్‌టీ చేసి అందులోకి మార్చాను. రోజూ తెరవాల్సిన ఫైలు బరువు తగ్గింది.

అయినా పూర్తిగా బాగుపడలేదు. చివరికి తేలిందేమంటే ఆ పుణ్యం నాదే. ఎప్పుడో 'మీ డాక్యుమెంట్లు క్లౌడ్‌లో దాచమంటారా?' అని అడిగితే చదవకుండా సరే అన్నాను. పీఎస్‌టీ మామూలుగా ఉండేది డాక్యుమెంట్స్ ఫోల్డర్లోనే. ఔట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఫైలు మారుతూనే ఉంటుంది, మారినప్పుడల్లా క్లౌడ్ వాడు దాన్ని పట్టుకుని పైకి ఎక్కించబోతాడు. ఒకే చీరని ఇద్దరు చెరోవైపు లాగినట్టు. ఫైలుని ఆ ఫోల్డర్ నుంచి బయటికి తెచ్చి మామూలు ఫోల్డర్లో పెట్టాను. ఔట్‌లుక్ తెరవగానే 'ఫైలు కనబడటం లేదు' అంది, కొత్త చోటు చూపించాను, అంతే. మూడు నెలల చక్రం ఆగింది.

పవర్ బటన్ నొక్కి ఆపే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. ప్రోగ్రాం రాస్తుండగా మధ్యలో ఆపేస్తే ఫైలు దెబ్బతినొచ్చు. దాన్ని సరిచేయడానికి ఔట్‌లుక్‌తో పాటే స్కాన్‌పీఎస్‌టీ అనే పనిముట్టు వస్తుంది. బాగుచేసే ముందు బ్యాకప్ తీసుకోమంటారా అని అది కూడా అడుగుతుంది. ఆ టిక్కు తీయకండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. మెయిల్ ఆగిపోతోందని ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేవి టోల్ ఫ్రీ నంబర్లు. మన గ్రూపులోనే ఒకావిడ అలాంటి నంబరుకి ఫోన్ చేశారు. అవతలివాడు కంప్యూటర్ తన చేతుల్లోకి తీసుకుని, వైరస్ ఉందని బెదిరించి, గిఫ్టు కార్డులు కొనిపించి వాటి నంబర్లు చెప్పించుకున్నాడు. ఆవిడ నెల దాకా ఇంట్లో చెప్పలేదు, తిడతారని. డబ్బు పోయినందుకు కంటే ఆ నెల రోజుల భయానికి నాకు బాధేసింది. మైక్రోసాఫ్ట్ చూపించే హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. గిఫ్టు కార్డుతో డబ్బు కట్టమన్నవాడు ఎవడైనా మోసగాడే. ఇప్పటికే జరిగిపోయి ఉంటే బ్యాంకు పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చుకోండి, గిఫ్టు కార్డు కంపెనీకి వెంటనే చెప్పండి, ఎఫ్‌టీసీ వాళ్ల రిపోర్ట్ ఫ్రాడ్ సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ముందు మాత్రం ఇంట్లో చెప్పండి. ఇంట్లో తిట్టేవాళ్లుంటే గ్రూపులో చెప్పండి, మేమున్నాం.

"ఇంత తలనొప్పి ఎందుకు, అన్నీ వెబ్ మెయిల్‌కి మార్చేసుకుంటే పోలా?" అనే వాదన నేను కాదనను. కొత్త ఉత్తరాలకు అదే సుఖం. పాతవాటికి మాత్రం ఇంట్లో ఒక ప్రతి, బయట ఒక ప్రతి ఉండాలంటాను. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను నీళ్లు మా షుగర్ ల్యాండ్ వీధుల్లోకి వస్తున్నప్పుడు పెళ్లి ఆల్బములు, దేవుడి విగ్రహాలు, పాస్‌పోర్టులు పై అంతస్తుకి మోశాం. కంప్యూటర్ టవర్ కింది గదిలో నేల మీదే ఉండిపోయింది. నీళ్లు గడప దగ్గర ఆగాయి. మా అదృష్టం.

సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఏడు ప్రయాణాలు తేదీలతో సహా రాశాను. అమ్మ ఉత్తరాలు 64 ఉన్నాయి, తీరిక దొరికినప్పుడల్లా తెలుగు లిపిలోకి మారుస్తున్నాను. మామ కాయల దగ్గర ఇప్పటికీ నవ్వొస్తుంది. కాపీ తీసిన డ్రైవు ఇప్పుడు ఆస్టిన్‌లో మా చెల్లెలి బీరువాలో ఉంది. తన డ్రైవు నా బీరువాలో ఉంది, పట్టుచీరల కింద.