ఇరవై తూటాల లెక్క

డాలస్‌లో శనివారం వస్తే మా తెలుగు బ్యాచ్‌లో సగం మంది క్రికెట్ గ్రౌండ్‌లో ఉంటారు, మిగతా సగం కాస్ట్‌కోలో. నేను మాత్రం ఏడాదిగా గంటన్నర డ్రైవ్ చేసి షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నా. దూరంగా వేలాడదీసిన ఇనుప పలకని కొట్టడం, అది ‘టంగ్’ మని మోగితే ఆ వారమంతా హ్యాపీగా ఉండటం. అంతే నా హాబీ.

ముందే ఒక విషయం చెప్పేస్తా. ‘బ్రో, నేనూ వస్తా’ అని మెసేజ్ పెట్టేవాళ్లలో చాలామందికి ఇది తెలీదు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పేల్చినా దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. నేను హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ చేసి, టెక్సస్ హంటింగ్ లైసెన్స్ తీసుకున్నాకే రేంజ్‌లో అడుగుపెట్టా. ఇన్‌స్టాలో ఒక ఫొటో కోసం వీసా మీదకి తెచ్చుకోకండి. డౌట్ ఉంటే లాయర్‌ని అడగండి, ఫ్రెండ్‌ని కాదు.

సరే, తూటాల సంగతి. నా రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్. మొదటిసారి షాపుకి వెళ్తే ఒక గోడంతా డబ్బాలే. నేనేం చేశాను? అచ్చం ఇంజనీర్‌లాగే ఆలోచించా. ఐదు రకాలు కొన్నా. ఒక్కోటి మూడేసి తూటాలు 100 గజాల దగ్గర పేల్చా. ఒక రకం మూడు రంధ్రాలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ‘దొరికింది విన్నర్!’ అనుకుని అదే రకం మరో నాలుగు డబ్బాలు తెచ్చేశా. తర్వాతి వారం అదే తూటా, అదే తుపాకీ. రంధ్రాలు మాత్రం చిందరవందర.

మా టీమ్‌లో ఒక గుంటూరు అన్న ఉన్నాడు, ఈ ఆటలో పదేళ్ల సీనియర్. నా టార్గెట్ కాగితాలు చూసి నవ్వాడు. ‘తమ్ముడూ, ముగ్గురు యూజర్లతో ఏ/బీ టెస్ట్ చేసి ప్రొడక్షన్‌లో పెడతావా?’ అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మూడు తూటాలు దగ్గరగా పడటం అదృష్టం కూడా కావచ్చు. కనీసం పది పేల్చాలి, ఇంకో రోజు మళ్లీ పది పేల్చాలి. అప్పుడు కనబడే వెడల్పే మీ అసలు లెవెల్. అందులో తూటా తప్పు కొంతైతే, నాలాంటి కొత్తవాడిలో చెయ్యి తప్పే ఎక్కువ. ప్రతివారం తూటా మారుస్తూ పోతే ఏది ఎవరి తప్పో ఎప్పటికీ తేలదు.

అన్న నేర్పింది వరసగా చెప్తా.

ఒకటి, రైఫిల్ గొట్టం మీద చెక్కి ఉన్న పేరు, డబ్బా మీద పేరు, తూటా అడుగున ముద్ర మూడూ కలవాలి. ‘దాదాపు అదే సైజ్’ అనే మాట ఇక్కడ లేదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లో దూరగలదు, పేలిస్తే రైఫిలే ముక్కలవ్వచ్చు. అందుకే టేబుల్ మీద ఒకసారికి ఒకే రకం డబ్బా ఉండాలి.

రెండు, ‘మ్యాచ్’ అని రాసి ఉన్నది తీసుకో. చవకగా దొరికే ఫుల్ మెటల్ జాకెట్ దగ్గరి ప్రాక్టీస్‌కి ఓకే. వేట తూటాని జంతువు ఒంట్లో విచ్చుకునేలా చేస్తారు, మనకి ఆ పని లేదు. మ్యాచ్ తూటాలో గుండు బరువు, ఆకారం, మందు కొలత ఒక్కలాగే ఉండేలా జాగ్రత్త పడతారు. నేను స్థిరపడింది 140 గ్రెయిన్ల గుండు దగ్గర, అంటే సుమారు 9 గ్రాములు. గొట్టం వదిలేటప్పుడు దాని వేగం సెకనుకి 2,700 అడుగుల చుట్టూ ఉంటుంది. ఒక తూటాకీ ఇంకో తూటాకీ 50 అడుగుల తేడా వచ్చిందనుకోండి. 100 గజాల దగ్గర అసలు తెలీదు. 1,000 గజాల దగ్గర గుండు దాదాపు ఒక అడుగు పైకో కిందకో పోతుంది. దగ్గర్లో దాక్కున్న బగ్ దూరంలో బయటపడుతుందన్నమాట.

మూడు, గుండులో ఉక్కు ఉండకూడదు. చాలా రేంజ్‌లలో అయస్కాంతం పెట్టి చూస్తారు. అతుక్కుంటే వెనక్కి పంపేస్తారు. పలకలు పాడవుతాయి, నిప్పురవ్వలు ఎండుగడ్డి మీద పడతాయి.

నాలుగు, డబ్బా మీద లాట్ నంబర్ చూసి, ఒకే లాట్‌వి కుదిరినన్ని ఒకేసారి కొను. కంపెనీ అదే, రకం అదే అయినా లాట్ మారితే వేగం కాస్త మారొచ్చు. కొత్త లాట్ తెరిస్తే గురి మళ్లీ సరిచూసుకోవాలి.

ఐదు, నోట్‌బుక్. తేదీ, లాట్, గాలి, గ్రూప్ వెడల్పు. చివర్లో ఒక లైన్: డబ్బాలోంచి తీసినవి ఎన్ని, ఖాళీ కేసులు ఎన్ని. ఈ ఐదోది నాకు చాదస్తంలా అనిపించింది. ఒక్కో తూటా దాదాపు రెండు డాలర్లు కాబట్టి ఖర్చు లెక్క కోసమేమో అనుకున్నా.

పోయిన నెల ఇండియా ట్రిప్. ఫ్లైట్ ఆదివారం. శనివారం పొద్దున రేంజ్‌కి వెళ్లొచ్చి, రాత్రి సూట్‌కేసులు సర్దుతూ నోట్‌బుక్ రాస్తున్నా. తీసినవి 20. ఖాళీ కేసులు 19.

ఒకటి అక్కడే గడ్డిలో పడి ఉంటుందిలే అనుకున్నా. కానీ మనసు ఒప్పుకోలేదు. కారు వెతికా, రైఫిల్ కేసు వెతికా, జాకెట్ వెతికా. చివరికి బ్యాక్‌ప్యాక్‌లో, ఛార్జర్ పెట్టుకునే అరలో దొరికింది. పేలని నిండు తూటా. పొద్దున్నే తగిలించుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాల్సిన బ్యాక్‌ప్యాక్ అదే. మన దగ్గర లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. ‘మర్చిపోయాను సార్’ అని చెప్పుకోవాల్సింది అమ్మానాన్నలు బయట పూలదండతో నిలబడి ఉన్నప్పుడు.

దాన్ని డబ్బాలో పెట్టి తాళం వేశా. బ్యాక్‌ప్యాక్ అల్మరాలో పడేసి, కొత్త బ్యాగ్ కోసం రాత్రి తొమ్మిదింటికి వాల్‌మార్ట్‌కి పరిగెత్తా. ఇప్పుడు రేంజ్ బ్యాగ్ వేరు, మిగతా బ్యాగులు వేరు. నోట్‌బుక్‌లో ఆఖరి లైన్ రాయకుండా రేంజ్‌లోంచి కారు తియ్యట్లేదు.

మీరు మొదలుపెడితే అన్నిటికంటే ముందు ఆ నోట్‌బుక్ కొనండి. డబ్బాల గోడ ఎక్కడికీ పోదు.