ఆటవిడుపు: జుట్టు దాచుకున్న అమ్మాయి

చలికాలంలో కెనడాకి వచ్చిన తాతగార్లెవరికైనా ఒక శనివారం రాత్రి తప్పదు. మనవడు టీవీ పెట్టి "తాతయ్యా, హాకీ!" అంటాడు. ధ్యాన్‌చంద్ పేరు వింటేనే ఛాతీ ఉప్పొంగే తాతగారు కళ్ళజోడు సర్దుకుని కూర్చుంటారు. ఐదు నిమిషాలయ్యాక మెల్లిగా అడుగుతారు, "ఒరేయ్, బంతేదిరా?"

బంతి ఉండదు. పక్ ఉంటుంది. అరచేతిలో ఇమిడే నల్లటి రబ్బరు బిళ్ళ, బరువు సుమారు 170 గ్రాములు. మంచు మీద జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఎవరూ ఒక నిమిషానికి మించి ఏకబిగిన ఆడలేరు. బెంచీ మీదికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ దూకుతారు. అంత వేగం! "పక్‌ని వెతక్కు తాతయ్యా, మనుషుల్ని చూడు" అని మనవడు సలహా ఇస్తాడు.

మంచి సలహాయే. అందుకే ఈసారి ఆటవిడుపులో ఒక మనిషిని చూద్దాం. ఆమె పేరు హేలీ వికెన్‌హైజర్. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలిసే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకి.

హేలీ 1978 ఆగస్టు 12న సస్కాచెవాన్‌లోని షానవన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. మన ఊళ్ళో వాకిట్లో కళ్ళాపి చల్లుకుంటాం. అక్కడి చలికి పెరట్లో నీళ్ళు పోసి పడుకుంటే తెల్లారేసరికి అద్దంలా గడ్డకడుతుంది. వాళ్ళ నాన్న అలాగే పెరట్లో ఒక రింకు తయారుచేశాడు. ఆ పాప ఆట అక్కడే మొదలైంది.

కానీ పెరడు దాటితే చిక్కు. ఆడపిల్లలకి వేరే జట్టు లేదు. మగపిల్లల జట్టులోనే చేరింది. అమ్మాయని తెలిస్తే ఎవరేమంటారోనని జుట్టు హెల్మెట్‌లోకి దోపుకునేది. దుస్తులు మార్చుకోవడానికి అందరితో కలిసి వెళ్ళే వీల్లేక బాత్‌రూములు వెతుక్కునేది. ఎవరి పెరట్లోంచో దొంగతనంగా జామకాయలు కోసినట్టు, తనకి వచ్చిన ఆటని తానే దొంగచాటుగా ఆడుకోవాల్సి వచ్చింది!

1991లో కెనడా శీతాకాల క్రీడల్లో పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల పోటీకి అల్బర్టా తరఫున వెళ్ళింది. అప్పటికి తన వయసు పన్నెండు. ఫైనల్లో గెలుపు గోల్ తనదే. ఆ ఆటలో ఉత్తమ క్రీడాకారిణీ తనే. 1994లో, పదిహేనేళ్ళకే, కెనడా జట్టులోకి వచ్చింది. అదే ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ బంగారు పతకం మెళ్ళో పడింది.

పిల్లలూ, ఒక సంగతి గమనించండి. అప్పటికింకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఐస్ హాకీ లేనే లేదు. మగవాళ్ళకి 1920 నుంచీ ఉంది. ఆడవాళ్ళకి 1998లో, జపాన్‌లోని నగానోలో, మొదటిసారి తలుపు తీశారు. ఫైనల్లో అమెరికా 3-1తో కెనడాని ఓడించింది. హేలీకి వెండి దక్కింది.

నాలుగేళ్ళకి సాల్ట్ లేక్ సిటీలో మళ్ళీ అవే రెండు జట్లు. ఆ ఒలింపిక్స్‌కి ముందు అమెరికాతో వరసగా ఆడిన ఎనిమిది మ్యాచుల్లోనూ కెనడా ఓడిపోయి ఉంది. ఫైనల్లో మాత్రం 3-2తో గెలిచింది. టోర్నమెంటులో అత్యుత్తమ క్రీడాకారిణిగా హేలీ ఎంపికైంది. నాలుగేళ్ళ తర్వాత ట్యూరిన్‌లోనూ బంగారం, మళ్ళీ అదే గౌరవం. మధ్యలో 2000లో సిడ్నీ వేసవి ఒలింపిక్స్‌లో కెనడా తరఫున సాఫ్ట్‌బాల్ కూడా ఆడిందంటే ఏమంటారు?

ఇంత పేరొచ్చినా ఆడవాళ్ళ హాకీలో బతుకుతెరువు దొరికే రోజులు కావవి. రోజూ గట్టి పోటీ కావాలంటే మగవాళ్ళ లీగుల్లోకే వెళ్ళాలి. ఇటలీలో ఒక క్లబ్బు ఆసక్తి చూపితే, అది మగవాళ్ళ లీగని అక్కడి సమాఖ్య అడ్డుపడింది. ఫిన్లాండ్ సరేనంది. 2003లో కిర్కోనుమ్మి అనే ఊరి జట్టు సలామత్‌కి ఆడుతూ, మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగులో గోల్ కొట్టిన తొలి మహిళ అయింది. ఆడవాళ్ళ ఆటలో ఒంటితో ఢీకొట్టడం అప్పట్లో నిషేధం. అక్కడ అది మామూలే. దెబ్బలు కాచుకుంటూనే ఆడింది. ఈసారి జుట్టు దాచుకోలేదు.

2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులందరి తరఫున ప్రమాణం చేసింది హేలీయే. ఆ ఒలింపిక్స్‌లోనే కెనడా స్లొవేకియాని 18-0తో ఓడించింది. గెలుపే చిక్కు తెచ్చిపెట్టింది. మిగతా దేశాలు ఎదగకపోతే ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉండటమే కష్టమని ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు హెచ్చరించాడు. వేరొకరైతే "మేం బాగా ఆడటం మా తప్పా?" అని ఊరుకునేవారు. హేలీ అదే ఏడాది అమ్మాయిల కోసం వికెన్‌హైజర్ పేరుతో హాకీ ఉత్సవం మొదలుపెట్టింది. దాన్నే పిల్లలు ముద్దుగా విక్‌ఫెస్ట్ అంటారు.

2018లో ఆ ఉత్సవానికి మన దేశం నుంచి కూడా అమ్మాయిలు వచ్చారు. లడఖ్ పిల్లలు! గడ్డకట్టిన చెరువుల మీద, అడిగి తెచ్చుకున్న స్కేట్లతో ఆట నేర్చుకున్నవాళ్ళు. మన మహిళల జట్టు 2016లో గానీ అంతర్జాతీయ పోటీలో అడుగుపెట్టలేదు. అలాంటిది 2025లో ఆసియా కప్పులో కంచు పతకం గెలుచుకుంది.

ఇక 2014, సోచి. ప్రారంభోత్సవంలో కెనడా జెండా పట్టుకుని నడిచింది హేలీ. ఫైనల్లో అమెరికా 2-0తో ముందుంది, మూడున్నర నిమిషాలే మిగిలాయి. కెనడా ఒక గోల్ కొట్టింది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న కెనడా గోల్ వైపు వచ్చిన పక్ స్తంభానికి తగిలి పక్కకి పోయింది. నిమిషం కూడా లేదనగా మరీ ఫిలిప్ పూలాన్ స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో పక్‌తో ఒంటరిగా దూసుకుపోతున్న హేలీని అడ్డుకోబోయి అమెరికా క్రీడాకారిణి పెనాల్టీ తెచ్చుకుంది. ఆ అవకాశంలోనే పూలాన్ గెలుపు గోల్ కొట్టింది. హేలీ ఆ పోటీల్లో విరిగిన పాదంతో ఆడిందన్న సంగతి తర్వాత బయటపడింది.

అది నాలుగో ఒలింపిక్ బంగారం. 2017 జనవరిలో రిటైరయ్యేనాటికి దేశం తరఫున 276 మ్యాచులు, 168 గోల్స్, ఏడు ప్రపంచ బంగారు పతకాలు. 2019లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. ఆ గౌరవం పొందిన ఏడో మహిళ.

మనవాళ్ళు చెవులు రిక్కించే భాగం ఇప్పుడొస్తుంది. రిటైరయ్యాక హేలీ మెడిసిన్‌లో చేరింది! చిన్నప్పటి నుంచీ హాకీతో పాటు ఉన్న కోరిక అది. ఆడుతున్న రోజుల్లోనే కాల్గరీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుకుంది. 2020లో కోవిడ్ రోజుల్లో, ఇంకా వైద్య విద్యార్థినిగా ఉండగానే, ఆస్పత్రి సిబ్బందికి మాస్కులు, గ్లవుజులు సేకరించే పనికి నడుం కట్టింది. 2021లో డాక్టరైంది. అప్పటికి వయసు నలభై రెండు. మన లెక్కలో పదిహేనేళ్ళు లేటు! 2022లో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకి అసిస్టెంట్ జనరల్ మేనేజర్ కూడా అయింది.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి ఎనిమిదేళ్ళు హాకీ ఆడింది. పదో తరగతికి వచ్చాక నేనే మానిపించాను. "ముందు చదువు, తర్వాత ఎప్పుడైనా ఆడుకోవచ్చు" అన్నాను. మంచి సీటే వచ్చింది, నా మాట నెగ్గింది. స్కేట్లు మాత్రం గరాజులో మేకుకి అలాగే వేలాడుతున్నాయి. ఆ పిల్ల నన్ను ఎన్నడూ తప్పుపట్టలేదు. పట్టి ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది.

హేలీ కథ విని "చూశావా, ఆడి కూడా డాక్టరవచ్చు" అని పిల్లలకి పాఠం చెప్పకండి. అందరూ హేలీలు కాలేరు, కానక్కర్లేదు. నాకర్థమైంది వేరు. చదువుకి నలభై రెండేళ్ళకి కూడా తలుపు తెరుచుకుంది. పదిహేనేళ్ళ కాళ్ళు మాత్రం పదిహేనేళ్ళప్పుడే ఉంటాయి.

ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ హాకీ లీగు, పీడబ్ల్యూహెచ్ఎల్, ఆరు జట్లతో 2024 జనవరి 1న మొదలైంది. హేలీ ఆట మానేసి అప్పటికి ఏడేళ్ళు. ఆమె వేసిన బాటలో ఇప్పుడు వేరే అమ్మాయిలు నడుస్తున్నారు, జడలు వీపు మీద ఊగుతుండగా.

ఈ చలికాలం వీలు చూసుకుని ఒకసారి ఆడవాళ్ళ మ్యాచికి వెళ్ళండి. తాతగారినీ తీసుకెళ్ళండి, దుప్పటి మరిచిపోకండి. నేను మా అమ్మాయిని అడిగాను. వస్తానంది. స్కేట్లకి పదును పెట్టించమని కూడా చెప్పింది.