గృహవ్యవహారములు: చెత్తబుట్టలో పడిన కార్డు



మా పినతల్లి కూతురు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున కాపురముండి, నిరుడు సంక్రాంతికి పుట్టింటికి వచ్చినది. మాటల నడుమ, తనకు టపాలో వచ్చిన యొక కార్డు సంగతి చెప్పినది. ఆమె కొనిన యొక వస్తువు విషయమై కోర్టులో దావా నడచి రాజీ కుదిరినదనియు, గడువులోగా అర్జీ పెట్టుకొనినచో సొమ్ము వచ్చుననియు అందులో నుండెనట. ఇది యెవరో మోసగాండ్ర పన్నుగడ యని తలచి ఆమె దానిని చెత్తబుట్టలో వేసినది. పొరుగింటి యామె అట్టి కార్డునే దాచి, అర్జీ పంపి, కొన్ని మాసములకు చెక్కు నందుకొన్నది. “సొమ్ము పోయినదని కాదక్కా, అది నాదేనని తెలిసికొనలేక పోతినే యని నా బాధ” యని మా చెల్లెలు అనినది. మన యాడుబిడ్డలెందఱో నేడు ఆ దేశమున సంసారములు చేయుచున్నారు. తల్లులు వారితో ఫోనులో మాటలాడునపుడు చెప్పదగిన సంగతి గావున ఈ మాసము దీనిని గూర్చియే వ్రాయుచున్నాము.

ఒక వర్తకుడు లక్షమంది వద్ద తలకు పది డాలర్ల చొప్పున అన్యాయముగా గైకొనినాడనుకొందము. పది డాలర్లకై వకీలును పెట్టుకొను వారెవరు? వర్తకునికి మాత్రము పది లక్షల డాలర్లు మిగులును. ఇందుకు ప్రతిక్రియగా ఆ దేశమున, నష్టపోయిన వారిలో ఒకరిద్దఱు తక్కిన వారందఱి పక్షమునను దావా వేయవచ్చును. దీనినే క్లాస్ యాక్షన్ అందురు. ఫెడరల్ కోర్టులలో దీని నడక సివిల్ విధానములోని 23వ నియమమును బట్టి యుండును. ఆ నియమమునకు నేటి రూపము 1966లో వచ్చినది. ఉభయపక్షములు రాజీపడినను, అది న్యాయముగా నున్నదని న్యాయమూర్తి ఒప్పుకొనిన గాని చెల్లదు.

ఇందు మన స్త్రీలు గ్రహింపవలసిన మెలిక యొకటి యున్నది. సొమ్మును గోరు ఇట్టి దావాలలో, వర్గ నిర్వచనమునకు లోబడిన ప్రతివారును, తాము కోరకున్నను, అందు చేరినట్లే. వైదొలగుదునని గడువులోగా వ్రాసి పంపవచ్చును. రాజీ బాగులేదని కోర్టునకు ఆక్షేపణ తెలుపవచ్చును. అర్జీ పెట్టి సొమ్ము గొనవచ్చును. ఏమియు చేయక యూరకున్నవారు మాత్రము రాజీకి కట్టుబడియే యుందురు. ఆ విషయమై వేఱుగా దావా వేయు హక్కు పోవును. అర్జీ లేనిదే యీయని రాజీలలో సొమ్మును రాదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారు 2019లో ప్రకటించిన పరిశీలనలో, అర్జీ పెట్టవలసిన రాజీలలో మధ్యస్థముగా నూటికి 9 మంది మాత్రమే పెట్టినట్లు తేలినది. మిగిలిన సొమ్ము ఒప్పందమును బట్టి అర్జీదారులకే పంచబడవచ్చును, ధర్మకార్యములకు పోవచ్చును, ఒక్కొక్కచో ఆ వర్తకునికే తిరిగి చేరవచ్చును!

ఇంత స్వల్పమునకు దేబిరించుట యేల యని మా వారు హాస్యమాడిరి. ఐదూళ్లైనను చాలునని ధర్మరాజు అడిగించినది భూమికి కఱవై కాదు గదా యని మేము బదులు చెప్పితిమి.

అయినను ఆశ మితముగా నుండవలెను. ఈక్విఫాక్స్ అను సంస్థ ప్రజల ఋణముల చరిత్రను భద్రపఱచునది. 2017లో అందుండి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు దొంగిలింపబడినవి. వారి పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలును అందులోనివే. 2019 జులైలో కుదిరిన రాజీలో ప్రజల నిమిత్తము 42 కోట్ల 50 లక్షల డాలర్ల వఱకు ఏర్పఱచిరి. ఋణఖాతాలను కనిపెట్టియుండు సేవను ఉచితముగా గొనవచ్చును, అట్టి సేవ ముందే యున్నవారు 125 డాలర్లు కోరవచ్చును అనిరి. జనులు నగదుకే యెగబడిరి. కాని ఆ నగదుకై వేఱుచేసిన మొత్తము 3 కోట్ల 10 లక్షల డాలర్లు మాత్రమే. లెక్క వేసి చూడుడు: రెండున్నర లక్షల మందికైనను 125 చొప్పున రాదు. కొలది దినములలోనే కమిషన్ వారు, నగదు చాల తగ్గునని, సేవనే కోరుకొనుట మేలని హెచ్చరించిరి. 2022 సంవత్సరాంతమున చెల్లింపులు వచ్చినపుడు పలువురికి పది డాలర్లును రాలేదు. నోటీసులో పెద్ద యక్షరముల అంకెను మాత్రమే చూడక, దాని వెనుకనున్న మొత్తమెంత, పంచుకొను వారెందఱు అని చూడవలెనని మా యభిప్రాయము.

ఆ సమయముననే దొంగ వెబ్‌సైట్లు బయలుదేఱినవని కూడ కమిషన్ వారు ప్రకటించిరి. కావున మా చెల్లెలి యనుమానము అకారణము కాదు, పాఱవేయుటయే పొరపాటు. ఈమెయిలులోని లంకెను తాకక, వ్యాజ్యము పేరును, కోర్టు పేరును చూచి, అధికారిక చిరునామాను వేఱుగా వెదకి పట్టుకొనవలెను. అర్జీకి రుసుము అడిగినచో అది మోసమే. వర్గ నిర్వచనములో ఏ తేదీల నడుమ కొనినవారు చేరుదురో యుండును. సాధారణముగా పౌరసత్వముతో పని లేదు, ఈ దేశమునకు తిరిగి వచ్చినవారును అడుగవచ్చును. రశీదు లేనిచో ఆర్డరు ఈమెయిలో, బ్యాంకు పట్టికయో సరిపోవచ్చును. చిన్న మొత్తములకు ప్రమాణపూర్వకమైన మాటయే చాలునను రాజీలును గలవు. కొందఱు కొనని వస్తువునకు సైతము అర్జీలు పెట్టుచున్నారని వినుచున్నాము. అది అబద్ధ ప్రమాణము, నేరము. అంతకన్న, నిజముగా నష్టపోయిన వేఱొక యిల్లాలి పాలు కాజేయుట.

అర్జీ పంపిన పిమ్మట ధ్రువీకరణ సంఖ్యను వ్రాసియుంచుకొని, ఇల్లు మారినచో పంపకము చూచు సంస్థకు తెలుపవలెను. అప్పీళ్లు పడినచో ఏండ్లు పట్టును. చెక్కుపై గడువు ముద్రించియుండును. దానిని డ్రాయరులో మఱచినచో అంతయు వ్యర్థము.

మన దేశమునను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 35వ సెక్షను క్రింద, ఒక్కరు జిల్లా కమిషన్ అనుమతితో, అట్టి నష్టమే పొందిన యందఱి తరపున ఫిర్యాదు చేయవచ్చును. దానిని గూర్చి మఱియొక మాసము వ్రాయుదుము.

మా చెల్లెలు తిరిగి వెళ్లిన పిమ్మట వేఱొక కార్డు వచ్చినదట. రశీదు దొరకలేదు గాని, పాత ఈమెయిళ్లలో ఆర్డరు కాగితము దొరకినది. గడువునకు రెండు దినముల ముందు అర్జీ పంపి, తాను పోగొట్టుకొందునేమో యని ధ్రువీకరణ సంఖ్యను మాకును పంపినది. దానిని మేము పద్దుల పుస్తకపు తొలి పుటలో వ్రాసియుంచితిమి. చెక్కు ఇంకను రాలేదు.