పూర్వవిద్యార్థుల పట్టికలో గురువు పేరు

ఒక విద్యాసంస్థ గొప్పతనమును అచ్చట చదివి ప్రసిద్ధులైనవారి పట్టికతో కొలుచుట నేడు పరిపాటి. పేరు, పట్టము, సంవత్సరము, అటుపై అధిష్ఠించిన పదవి - ఇంతటితో ఆ పట్టిక ముగియును. చదువు చెప్పినవారెవరో అందుండదు. కృష్ణాతీరమున సాహిత్యవిద్య సాగిన తీరు నెరిగినవారికి ఇది చిన్న లోపముగా తోచదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రముగా ఏర్పడి, 1930లో విశాఖపట్టణమునకు తరలినది. అంతకు ఎంతో పూర్వమే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. ఆంగ్లవిద్యకే గౌరవమున్న నాటి బడులలో తెలుగు పండితుని స్థానము చివరిది. శాస్త్రిగారు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద చదువుకొన్నవారే కాని పరీక్షలు వ్రాసి పట్టము పొందినవారు కారు. అట్టివారి శిష్యులలో పింగళి లక్ష్మీకాంతముగారు తరువాత విశ్వకళాపరిషత్తు తెలుగు శాఖలో బోధించిరి. కాటూరి వేంకటేశ్వరరావుగారు కృష్ణాపత్రికకు సంపాదకులైరి. విశ్వనాథ సత్యనారాయణగారు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును తెలుగునకు తొలిసారి తెచ్చిరి.

నన్నయ తిక్కనలకు సైతము దక్కని భాగ్యము తమ గురువునకు దక్కినదనియు, అది తనవంటి శిష్యుడుండుటయే యనియు విశ్వనాథ చెప్పుకొనిరి. ఆ మాటలో అహంకారమునే చూచినవారు పలువురు. అహంకారము లేకపోలేదు. అయినను తన కీర్తినంతటిని గురువు లెక్కలో జమకట్టిన శిష్యుడు అందు కనబడుచున్నాడు. నేటి పట్టికలు చేయని పని అదియే.

విశ్వనాథ 1938 నుండి 1959 వరకు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో బోధించిరి. నందమూరి తారక రామారావు ఆ కళాశాలలో ఆయన శిష్యుడు. గురువు ఆడించిన నాటకములో స్త్రీపాత్రకై మీసము తీయనని పట్టుబట్టి 'మీసాల నాగమ్మ' అనిపించుకొన్న కథ బెజవాడలో నేటికిని చెప్పుకొందురు. ఆ శిష్యుడే ముఖ్యమంత్రియై యుండగా 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడినది. పట్టికలలో ఆయన నటుడు, ముఖ్యమంత్రి. తెలుగు ఎవరి యొద్ద చదివినదియు కానరాదు.

ప్రాచ్యకళాశాలల నుండి భాషాప్రవీణులై వెడలినవారి సంగతి మరియు దైన్యము. వారిలో అనేకులు పల్లెబడులలో తెలుగు పండితులైరి. పదవిని బట్టి కూర్చిన పట్టికలో వారికి చోటు లేదు. చెళ్లపిళ్లవారు సైతము ఒక బడిపండితులే కదా!

కృష్ణా విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది బందరులోనే. అది, దానితోపాటు ఈ సీమలోని కళాశాలలును, తమ పూర్వవిద్యార్థుల పట్టికలో గురువు పేరునకు ఒక గడి చేర్చవలెను. దీనికి ధనముతో పనిలేదు, తొందర మాత్రము కలదు. విశ్వనాథ చివరి తరగతులలో కూర్చున్నవారికి నేడు ఎనుబదియేండ్లు దాటినవి.