ఫిబ్రవరిలో ఊళ్లో ఎవరుంటారు?

బస్తర్‌లో ఛాతీ ఎక్స్‌రే పరీక్షల మీద నేను రాసుకున్న పరిశోధన ప్రణాళికలో శిబిరాల నెల ఫిబ్రవరి. అప్పటికి ఎండలు ముదరవు, దారులు బాగుంటాయి. సుక్మా జిల్లా కోంటా వైపు ఒక ఊళ్లో ఆ కాగితం చదివి వినిపిస్తే, మితానిన్‌గా (అక్కడి గ్రామ ఆరోగ్య కార్యకర్త) పనిచేసే అక్క నవ్వింది. "ఫిబ్రవరిలో ఊళ్లో ఎవరుంటారు సారూ? వయసులో ఉన్నోళ్లంతా మిరపకాయలు ఏరడానికి మీ తెలంగాణకే వస్తారు కదా!"

ఆమె చెప్పకపోతే నేను ముసలివాళ్లకు ఎక్స్‌రేలు తీసి, యువతలో క్షయ తక్కువని రాసేవాణ్ణి.

ప్రజలతో కలిసి చేసే పరిశోధన అంటే ఇదే. అది దయ కాదు, శాస్త్రానికే అవసరం. 15 ఏళ్లు దాటినవారి ఎక్స్‌రేలను క్షయ కోసం కంప్యూటర్ చదవవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2024 డిసెంబర్ 7న దేశంలోని 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు వాడారు. మంచిదే. కానీ పాత క్షయ మచ్చ, రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా ఎక్స్‌రేలో క్షయలాగే కనిపించవచ్చు. ఎవరు బోరుబండి మీద పనిచేశారో, ఎవరు మందులు మధ్యలో ఆపేశారో యంత్రానికి తెలియదు. ఊరికి తెలుసు.

ఊరిని పక్కనపెడితే ఏమవుతుందో మనం చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని 2013లో పార్లమెంటరీ కమిటీ బయటపెట్టింది. తల్లిదండ్రుల మాట ఎవరికీ అవసరం లేకపోయింది.

అంటరానివారి తరఫున అంటరానివారే మాట్లాడాలని బాబాసాహెబ్ 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు వాదించారు. చట్టసభకు వర్తించిన ఆ సూత్రం ప్రయోగశాలకు ఎందుకు వర్తించదు?

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ప్రశ్న, నెల, చోటు గ్రామసభతో కలిసి తేల్చాలి. అయినా గ్రామసభ తీర్మానం వ్యక్తి సమ్మతికి బదులు కాకూడదు. ఫలితం గోండి, హల్బీ, కోయ భాషల్లో రోగికి చేరాలి. సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇవ్వడానికి ఎక్స్‌రే వాడాలంటే విడిగా అడగాలి. స్థానిక కార్యకర్తలకు జీతం, పరిశోధనా పత్రంలో పేరు రెండూ దక్కాలి.

నా శిబిరాలు వాయిదా పడ్డాయి. ఫెలోషిప్ గడువు మాత్రం ఆగదు. ఊరిని వినడానికి పట్టే కాలాన్ని విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా కాక, పరిశోధనగా లెక్కించాలి. లేకపోతే మనలాంటి విద్యార్థులం గడువుకు భయపడి మళ్లీ ఫిబ్రవరిలోనే వెళ్తాం, ఖాళీ ఊళ్లకు.